గేటు గుత్త

‘గుత్తాధిపత్యం’ అన్న మాట దగ్గర పదో తరగతి చరిత్ర పాఠం ఆగిపోయింది.

పైకి చదువుతున్నవాడు చినబాబు. పుట్టిందీ పెరిగిందీ భిలాయిలోనే. ఇంట్లో తెలుగు వింటాడు, వీధిలో హిందీ మాట్లాడతాడు, బళ్ళో మాత్రం తెలుగు అక్షరాల మీద వానలో పొలంగట్టు మీద నడిచినట్టు నడుస్తాడు. "పద్దెనిమిది వందల పదమూడు చార్టరు చట్టం ద్వారా బ్రిటిషు పార్లమెంటు, ఈస్టిండియా కంపెనీ యొక్క గుత్తి... గుత్తా..." అని రెండుసార్లు జారి పుస్తకం దించేశాడు.

"గుత్తివంకాయ తెలుసు మాస్టారూ. ఇదేటండి?"

క్లాసు గొల్లుమంది. దక్షిణామూర్తి మాస్టారు కూడా మీసం చాటున నవ్వుకుని, "నవ్విన వాళ్ళలో ఎవరికి తెలుసో చెప్పండి" అన్నారు. ఎవరికీ తెలియదు. ముందు బెంచీలోంచి ఎవరో "ఏకాధికార్" అని గొణిగారు. "అది హిందీ పుస్తకంలో మాట. గుత్త అంటే ఏమిటని అడుగుతున్నాను."

చివరి బెంచీలో కిటికీ పక్కన సత్యలక్ష్మి తల దించుకుంది. జవాబు తెలిసినప్పుడు తల దించుకోవడం ఆ పిల్లకి అలవాటు. తెలియనప్పుడు ఎలాగూ దించుకునే ఉంటుంది. ఆ తేడా ఏదో మాస్టారు రెండు నెలల్లోనే పట్టేశారు.

"చీపురుపల్లి అమ్మాయీ, నువ్వు చెప్పు."

లేచి నిలబడింది. వోణీ కొంగు వేలికి చుట్టుకుంది. "మా ఊళ్ళో చింతతోపు గుత్తకిస్తారండి. పంచాయితీ కాడ పాట పెడతారు. ఎవరు పాడుకుంటే ఆ యేడు కాయలు ఆళ్ళవే. కిందపడ్డ కాయ కూడా ఇంకొకళ్ళు ఏరకూడదు. ఏరితే బుట్ట లాగేసుకుంటారు."

"బుట్ట కూడానా?" అన్నాడు చినబాబు.

"బుట్ట కూడా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "విన్నారా? ఇండియా మొత్తం చింతతోపు అనుకోండి. గుత్త పాడుకున్నది కంపెనీ. ఇంగ్లండులో ఇంకే వర్తకుణ్ణీ ఇటువైపు రానివ్వలేదు. పార్లమెంటు చట్టం చేసి ఆ గుత్త తీసేసింది. చైనా వ్యాపారం, తేయాకు మాత్రం ఇంకో ఇరవయ్యేళ్ళు వదిలేసి, ఆ తర్వాత అదీ తీసేసింది." చేతులు దులుపుకుంటూ ఆమె వంకే చూశారు. "పదిహేనో తారీకున తెలుగు సంఘంలో వక్తృత్వ పోటీ. మన బడి తరఫున నువ్వు మాట్లాడుతున్నావు. ఇదే విషయం."

సత్యలక్ష్మి కూర్చోవడం మరిచిపోయింది.

*

సత్యలక్ష్మి మేనమామ గురునాథరావు భిలాయి ఉక్కు కర్మాగారం రోలింగు మిల్లులో ఫోర్‌మన్. తెలుగు మిత్ర సంఘానికి కార్యదర్శి కూడా. చీపురుపల్లి దగ్గర చెల్లెలి ఊళ్ళో హైస్కూలు లేదని మేనకోడల్ని తెచ్చి తన క్వార్టరులో పెట్టుకున్నాడు. ఆ క్వార్టరు వెనక వరండాలో, తీగ మీద ఆరేసిన ఖాకీ చొక్కాల కింద, సత్యలక్ష్మి తన ఉపన్యాసం చదువుతూంటే ఆయన కూతురు ఛాయ బియ్యం డబ్బా మీద కూర్చుని తీర్పులు చెబుతోంది.

"చింతతోపు వద్దు దీదీ. ఇక్కడ ఎవరు చూశారు చింతతోపు? అందరూ ఝోలా పట్టుకెళ్ళి చింతపండు కొనుక్కునేవాళ్ళే."

"మరేటి చెప్పను?"

"గున్నమ్మ ఉంది కదా." తన తెలివికి తనే మురిసి ఛాయ డబ్బా మీద నుంచి దూకింది. "సంఘం గేటు లోపల ఆవిడ తప్ప ఇంకెవరూ బుట్ట పెట్టుకుని అమ్మకూడదు. మొన్న ఒక కేలావాలా అరటిపళ్ళ బండి పెడితే వాచ్‌మన్ భగాదియా, తరిమేశాడు. అదే కదా నీ గుత్త?"

అవును. అదే. ఇంత దగ్గర ఉదాహరణ తనకు తట్టనందుకు సత్యలక్ష్మికి ఆశ్చర్యం వేసింది. పెన్సిలుతో రాసుకుంది: సంఘం గేటులో గున్నమ్మకి ఎలాగో, ఇండియా మొత్తానికి కంపెనీకి అలాగ. రాసినది చదివితే ఛాయ పగలబడి నవ్వింది. తన మాటకి ఒకళ్ళు అలా నవ్వడం సత్యలక్ష్మికి కొత్త. మళ్ళీ చదివింది. ఛాయ మళ్ళీ నవ్వింది.

"ఆ తరవాతది ఏటంటే," అని సత్యలక్ష్మి చరిత్ర పుస్తకం పేజీ తిప్పింది. పాఠంలో గుత్త రద్దయిన తర్వాత ఇంకో పేరా ఉంది. మన నేతవాళ్ళ గురించి. "అయితే ఈ చట్టం వలన..."

"అయితే వద్దు. తీసెయ్. గుత్త పోయింది, తాళియా, బస్. చప్పట్లయ్యాక ఎవరు వింటారు?"

వంటింటి గుమ్మంలో గోంగూర వలుస్తున్న ఛాయ తల్లి వరలక్ష్మమ్మ తల ఎత్తకుండానే, "ఏటే, ఎవరి గుత్త పోయింది?" అంది.

"కంపెనీది అత్తా. పాఠంలో."

"మరేం ఫరవాలేదు" అని వరలక్ష్మమ్మ కాడలు పక్కకి ఊడ్చేసింది.

సత్యలక్ష్మి ఆ పేరాకి అటూ ఇటూ పెన్సిలుతో రెండు గీతలు గీసింది. అయిదు నిమిషాలే ఇచ్చారు కదా అనుకుంది. కాని ఉపన్యాసం నాలుగు నిమిషాలకే అయిపోతోందని అప్పటికే రెండుసార్లు గోడగడియారంలో చూసుకుంది.

*

ఆగస్టు పదిహేనున వాన ఆగింది. జెండా ఎగిరాక జనం హాల్లోకి వచ్చి కూర్చున్నారు. చెప్పులకంటిన ఎర్రమట్టి గేటు నుంచి హాలు మెట్ల దాకా బాట కట్టింది.

గున్నమ్మ ఎప్పటి చోటనే ఉంది. గేటు లోపల, ఎడమ పక్క, గోడకు ఆనుకుని రెండు బుట్టలు. ఒకదాంట్లో ఉప్పు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు; రెండోదాంట్లో చింతపండు, గోంగూర కట్టలు, ఈ రోజుల్లో తాటిపళ్ళు. చేపలూ చింతపండూ పదిహేను రోజులకోసారి రాయగడ మీదుగా వచ్చే పాసింజరులో విజయనగరం వెళ్ళి తెస్తుంది. చరోదా రైల్వే యార్డు పక్కన గుడిసె, దాని వెనక గోంగూర మడి. గోధుమ రొట్టెలకి అలవాటు పడిన క్వార్టర్లన్నిటికీ ఆదివారం పూట ఉప్పుచేప వాసన తగిలేది ఆ బుట్టల్లోంచే.

మైకు సత్యలక్ష్మికి జానెడు ఎత్తున ఉంది. దక్షిణామూర్తి మాస్టారు వచ్చి దాని మెడ వంచి ఆమె నోటికి సరిపెట్టారు. మొదటి రెండు వాక్యాలు ఏం చెప్పిందో ఆమెకే వినబడలేదు. మూడోది వినబడింది. తన గొంతు ఎవరిదోలా హాలంతా తిరిగి వచ్చింది.

"గుత్త అంటే అందరికీ అర్థం కాదేమో. మన సంఘం గేటులో గున్నమ్మకి ఎలాగో, ఇండియా మొత్తానికి కంపెనీకి అలాగ."

ముందు వరసలో ఇంజనీరు శ్యామసుందర్ గారు తొడ చరుచుకుని నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి వెనక వరసలు నవ్వాయి. ఆడవాళ్ళ వైపు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సత్యలక్ష్మి ఒళ్ళంతా వెచ్చబడింది. ఇంత మంది తన వైపు చూస్తూ నవ్వుతున్నారు, తనని చూసి కాదు. "ఆ గుత్తను చట్టం రద్దు చేసింది" అని ఆపగానే చప్పట్లు పడ్డాయి. ఛాయ చెప్పినట్టే.

మొదటి బహుమతిగా స్టీలు టిఫిను డబ్బా ఇస్తూ శ్యామసుందర్ గారు మైకు అందుకున్నారు. "మొన్న ఆకాశంలోంచి స్కైలాబు పడుతుందని ఊరంతా మంచాల కింద దూరిన రోజున కూడా మన గేటు దగ్గర ఒక్కరే కూర్చున్నారు. ఎవరనుకున్నారు? ఈస్టిండియా గున్నమ్మ." హాలు మళ్ళీ ఊగిపోయింది.

బయటికి వస్తుంటే గున్నమ్మ చెయ్యి ఊపి పిలిచింది. సత్యలక్ష్మి టిఫిను డబ్బా పట్టుకుని దగ్గరకి వెళ్ళింది.

"మైకులో నా పేరు సెప్పినావు గదేటి తల్లీ. కూకునే ఇన్నాను. అందరూ నవ్వీసినారు. నానూ నవ్వీసినాను." బుట్టలోంచి నల్లగా మిసమిసలాడే తాటిపండు తీసి చేతిలో పెట్టింది. "ఇన్నేళ్ళయి ఈ గేటు కాడ ఉన్నాను, మైకులో నా పేరు నానెప్పుడూ ఇన్లేదు. కాల్సుకు తినండి. తియ్యగుంటాది."

డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

"ఈస్టిండియా అంటే ఏటమ్మా? మీ మావయ్యగారి పక్కనాయన అన్నారు."

"కంపెనీ" అంది సత్యలక్ష్మి.

"పెద్దదేటి?"

"పెద్దదే."

"అలాగయితే మంచిదే" అంది గున్నమ్మ. గోంగూర మీద నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది.

*

సాయంత్రం వరలక్ష్మమ్మ బొగ్గుల కుంపటి మీద తాటిపండు కాల్చింది. పై తొక్క పగిలి పసుపు గుజ్జు కనబడగానే పళ్ళెంలో వేసి మేనకోడలి ముందు పెట్టింది. సత్యలక్ష్మి టెంక నుంచి పీచును అరచేత్తో పిండుతోంది. ముందు వరండాలో గురునాథరావు, శ్యామసుందర్ గారు కుర్చీలు వేసుకున్నారు. టీ గ్లాసుల చప్పుడు, మధ్యలో మాటలు, వంటింట్లోకి వస్తున్నాయి.

"చాలా రోజుల నుంచి నాకూ అనిపిస్తూనే ఉందండి" అంటున్నాడు శ్యామసుందర్. "రాయపూర్ నుంచి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ముందు తగిలేది ఆ వాసనే. అయినా ఎలా చెప్పడమా అని ఊరుకున్నాను. ఇవాళ మీ మేనకోడలు ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇది గుత్తే కదా. మనది స్వతంత్ర దేశం. గేటు అందరికీ తెరిచి ఉండాలి. ఎవరికి కావాలంటే వాళ్ళు బండి పెట్టుకుంటారు, సంఘానికి నెలకింత కడతారు. పోటీ ఉంటే సరుకూ బాగుంటుంది."

"తీర్మానం ఒకటి పాతది ఉందండి మరి" అన్నాడు గురునాథరావు మెల్లగా.

"తీర్మానాన్ని తీర్మానంతోనే కొట్టెయ్యాలి. పార్లమెంటు చేసిందదే కదా. ఆదివారం జనరల్ బాడీ మీటింగు ఉండనే ఉంది."

గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత గురునాథరావు గొంతు, కొంచెం గర్వంగా, "మాట మాత్రం బాగా పట్టుకుంది పిల్ల" అంది.

వరలక్ష్మమ్మ కుంపటిలో బొగ్గులు కదిపింది. నిప్పురవ్వలు లేచాయి. ఎవరితోనూ కానట్టు అంది: "ఆ హాలు స్లాబు పోసిన దినం అప్పలసూరి పైనుంచి పడిపోయాడు. గున్నమ్మ మొగుడు. సంఘపోళ్ళంతా తట్టలు మోసిన దినమే. మీ మావయ్య కూడా మోశాడు. అందరూ దిగి బువ్వ తింటన్నారు, ఆడు మాత్రం సెంట్రింగు చెక్క సర్దొస్తానని ఉండిపోయాడు. ఆసుపత్రికి తీసికెళ్ళే లోపలే అయిపోయింది." పళ్ళెంలోకి ఒంగి చూసి, "పీచు బాగా పిండు, గుజ్జంతా అందులోనే ఉంటాది" అంది. "అప్పుడు ఏం ఇవ్వగలరు ఈళ్ళు? అందరూ కొత్తగా వచ్చినోళ్ళే. గేటు లోపల ఇంకెవరూ కూకోకూడదు, గున్నమ్మే కూకోవాల అని కాయితం రాసుకున్నారు. అదీ ఆ గుత్త."

సత్యలక్ష్మి చేతులు మోచేతుల దాకా పసుపు. టెంక పళ్ళెంలో పెట్టేసింది.

"ఏం? తిను."

"తరవాత తింటాను అత్తా."

"నీకు తెలీదు గదా" అంది వరలక్ష్మమ్మ. ఓదార్పుగా అన్నదో, ఉన్నమాటగా అన్నదో తెలియలేదు. పెరట్లో కుళాయి కింద చేతులు ఎంతసేపు రుద్దినా గోళ్ళ సందుల్లో పసుపు పోలేదు. ప్లాంటు వైపు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడి మళ్ళీ చల్లారింది. బట్టీలోంచి కరిగిన ఇనప మడ్డి, కిట్టెం, పారబోశారు. మొదట్లో ఆ వెలుగుకి ఉలిక్కిపడేది. ఇప్పుడు చూడనైనా చూడలేదు.

తెలియలేదన్న మాట ఆమెను కాపాడలేదు. పాఠం తెలుసు. పెన్సిలు గీతల మధ్య ఏం ఉందో తెలుసు. చప్పట్ల కోసం అది తీసేసిన సంగతి అంతకన్నా బాగా తెలుసు.

*

శుక్రవారం బడి వదిలాక పిల్లలంతా సంఘం గేటు మీదుగానే ఇళ్ళకు పోయారు. చినబాబు సైకిలు ఆపి, "ఈస్టిండియా వారూ, నెత్తళ్ళు ఎలా ఇస్తున్నారు?" అని అరిచాడు. గున్నమ్మ నవ్వి, "నీకయితే ఊరికే, మీ అమ్మకయితే డబ్బులకి" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇంకొకడు "క్వీన్ విక్టోరియాకి జై" అన్నాడు. సత్యలక్ష్మి గుంపు మధ్యలో ఉంది. పుస్తకాల సంచీ గుండెకి అదుముకుని, గున్నమ్మ తనవైపు చూడకూడదని మొక్కుకుంటూ నడిచింది. గున్నమ్మ చూసింది. చెయ్యి ఊపింది కూడా.

శనివారం పొద్దున మామయ్య షేవింగు చేసుకుంటుంటే ఆయన వెనక నిలబడింది. చెప్పాలనుకున్న మాట రాత్రంతా కూర్చుకుంది: ఆ మాట నాది కాదు మామయ్యా, ఊరికే నవ్వించడానికి అన్నాను, దాన్ని తీర్మానంలో పెట్టకండి.

"ఏంటమ్మా?" అన్నాడు గురునాథరావు సబ్బు నురగలోంచి.

"ఏం లేదు మామయ్యా. నీళ్ళు కాగాయి."

"రేపు మీటింగులో ముందుగా నువ్వు ఆ గుత్త ముక్క ఒకసారి చదివెయ్. శ్యామసుందర్ గారు మరీ మరీ చెప్పారు. ఏం? భయం పోయింది కదా ఇప్పుడు?" బ్లేడు చెంప మీద ఆపి అద్దంలోంచి మేనకోడల్ని చూశాడు. ఏం కనబడిందో ఏమో, చూపు తిప్పుకున్నాడు. "అందరికీ అవకాశం ఉండాలంటారు. అదీ న్యాయమే కదా. గున్నమ్మని పొమ్మనలేదు ఎవరూ. తనూ కూర్చోవచ్చు."

ఆయన కంఠం ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టుంది. సత్యలక్ష్మి వేడినీళ్ళ బిందె దించడానికి వెళ్ళిపోయింది. మామయ్య అన్నం తింటున్నాను కదా అని ఒకసారి అనుకుంది. అది కారణం కాదు. అన్నం పెట్టని వాళ్ళ ముందు కూడా తనకు నోరు పెగలదు.

అయినా ఆ మధ్యాహ్నం సంచీలోంచి రబ్బరు తీసి, ఆ పేరాకి అటూ ఇటూ ఉన్న పెన్సిలు గీతలు చెరిపేసింది. సొంతంగా చెప్పలేకపోయినా పుస్తకం చూసి చదవగలదు. చదవడం తనకు వచ్చు.

*

జనరల్ బాడీకి హాలు సగం నిండింది. పొద్దుటి ఎ-షిఫ్టు దిగినవాళ్ళు హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనక గోడ పక్క స్టవ్వు మీద టీ కాగుతోంది. శ్యామసుందర్ గారు మైకు ముందు నిలబడి కంపెనీ చరిత్ర కొంచెం, శుభ్రత గురించి కొంచెం చెప్పి, "ఈ చైతన్యం మనలో తెచ్చిన అమ్మాయే ముందు ఆ మాట చదువుతుంది" అని పక్కకి తప్పుకున్నారు.

మైకు ఆయన ఎత్తుకి ఉంది. ఆరడుగుల మనిషి. సత్యలక్ష్మి దాని కింద నిలబడి పుస్తకం తెరిచింది. మైకు మెడ వంచుకోవాలని తెలుసు. చెయ్యి లేవలేదు. దక్షిణామూర్తి మాస్టారి కోసం చూసింది. ఆయన మూడో వరసలో, ఒళ్ళోని కాగితాల మీదికి వంగి ఉన్నారు.

చదివింది.

"అయితే ఈ చట్టం వలన మన దేశంలోని నేతపనివారికి మేలు జరగలేదు. గుత్త పోయి, తలుపులు అందరికీ తెరుచుకున్న తరువాత ఇంగ్లండు మిల్లుల బట్ట ఓడలకొద్దీ దిగింది. మన బట్ట అక్కడికి వెళ్ళకుండా మాత్రం సుంకాలు అలాగే ఉంచారు. కంపెనీ ఇచ్చే బయానాలు ఆగిపోయాయి. మగ్గాలు మూలపడ్డాయి. తరతరాలుగా నేత తప్ప వేరే పని తెలియని కుటుంబాలు..."

టీ గ్లాసులు పళ్ళేల్లో సర్దుతున్న చప్పుడు. ఎవరో కుర్చీ జరుపుకున్నారు. ఆమె గొంతు పుస్తకం దాకా వెళ్ళి పుస్తకం మీదే పడిపోతోంది. ముందు వరసలో ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అంతలోనే తీసేశాడు. ఆమె ఇంకా గట్టిగా చదవబోయింది. మాట పైకి రాలేదు, గాలి మాత్రం వచ్చింది. "...కూలి పనులకు వలసపోయాయి" అని పుస్తకం మూసింది.

చప్పట్లు పడ్డాయి.

ఆ రోజుకన్నా గట్టిగా పడ్డాయి. ఏం చదివిందో ఎవరికీ వినబడలేదు. అదే చదివి ఉంటుందనుకున్నారు. శ్యామసుందర్ గారు భుజం తట్టి, "శభాష్. ఈ ఊపులోనే తీర్మానానికి చేతులెత్తండి" అన్నారు. చేతులు లేచాయి. గురునాథరావు చెయ్యి కొంచెం ఆలస్యంగా, మోచెయ్యి వరకు లేచింది. దక్షిణామూర్తి మాస్టారు తల ఎత్తి సత్యలక్ష్మి వంక ఒక్కసారి చూశారు. ఆయనకు వినబడిందేమో అని ఆమెకు తోచింది. ఆయన చెయ్యి లేవలేదు. నోరూ లేవలేదు.

వాచ్‌మన్ భుజంగరావు మెట్లు దిగి గేటు వైపు నడిచాడు. ఇవాళే ఎందుకు, రేపు చెప్పొచ్చు కదా అని ఎవరో అన్నారు. అప్పటికే అతను ఎడమ పక్క గోడ దగ్గర వంగి, గోంగూర బుట్టను రెండు చేతులతో లేపి, జాగ్రత్తగానే, గేటు అవతల పెడుతున్నాడు. ఆ చోట సున్నం గీతలు గీసి కొత్త బళ్ళకి గళ్ళు కట్టాలి కాబట్టి.

బుట్ట కూడా, అనుకుంది సత్యలక్ష్మి.

*

తర్వాతి ఆదివారానికి గేటు లోపల మూడు బళ్ళు వెలిశాయి. పవర్‌హౌసు బజారు నుంచి వచ్చిన కూరగాయల బండి. రాయపూర్ వాళ్ళ ఎండుచేపల బండి, కడిగి ఎండబెట్టి ప్లాస్టిక్ సంచుల్లో కట్టినవి, వాసన రానివి. మూడోది చాట్ బండి. గున్నమ్మకూ ఒక గడి ఉంది. నెల అద్దె కడితే. సాయంత్రం వరలక్ష్మమ్మ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి కొత్త బండి దగ్గర గోంగూర కొంది. "కట్ట పెద్దది మరి" అంది కొన్నాక, అడక్కుండానే. సంచీ ఛాయకిచ్చి ఇంటికి పంపేసి, తను శ్యామసుందర్ గారి భార్యతో మాట్లాడుతూ నిలబడింది.

గున్నమ్మ రోడ్డుకు అవతల కల్వర్టు మీద కూర్చుంది. ఆ కల్వర్టు మీద నీడ లేదు. సత్యలక్ష్మి చరిత్ర పుస్తకం పట్టుకుని రోడ్డు దాటింది. ఇంటి దగ్గర్నుంచీ చంకలో పెట్టుకునే వచ్చింది, ఎందుకో తనకే తెలియకుండా.

"రా తల్లీ. కూకో" అంది గున్నమ్మ. తువ్వాలుతో నెత్తళ్ళ మీద ఈగలు తోలుతోంది.

సత్యలక్ష్మి కూర్చోలేదు. నేల చూపులు చూస్తూ, ఒక్కో మాటా తోస్తూ అంది: "ఆ మాట నేనన్నాను. మైకులో. అదే పట్టుకుని..."

"తెలుసు గదా. సెప్పినారు భుజంగరావు."

తువ్వాలు ఆగలేదు. ఎదురుగా గేటు లోపల చాట్ బండివాడు గంట కొట్టాడు. పిల్లలు పరుగెత్తారు, చినబాబు అందరికన్నా ముందు.

"నవ్వించినావు. మంచిదే" అంది గున్నమ్మ అటే చూస్తూ. "పేరెట్టకుండా నవ్వించాల్సింది."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. సత్యలక్ష్మి చెవులు మండిపోయాయి. ఏడుపు వస్తే బాగుండును, రాలేదు.

"ఆ పుస్తకమేనేటి? మొన్న మీటింగులో ఏటో సదివినావంట. గేటు దాకా రానేదు. ఇప్పుడు సదువు."

సత్యలక్ష్మి కల్వర్టు అంచున కూర్చుంది. పుస్తకం తెరిచి, చెరిపిన గీతల మసక ఇంకా ఉన్న చోట నుంచి, అయితే ఈ చట్టం వలన, అని మొదలుపెట్టింది. రోడ్డు మీద లారీ వెళ్తే ఆగింది. వెళ్ళాక మళ్ళీ అందుకుంది. ఇక్కడ గొంతు పలికింది. ఒక్క మనిషికి సరిపోయేంత గొంతు ఆమెకు ఎప్పుడూ ఉంది. గున్నమ్మ తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, ఒక్క మాటా పోనివ్వకుండా విన్నది.

"కూలి పనులకు వలసపోయాయి."

"ఆ తరవాత? ఆ నేతోళ్ళు ఏటయిపోనారు?"

సత్యలక్ష్మి పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది. "లేదు" అంది. "తరవాత పాఠం రైలు మార్గాలు."

"రైళ్ళేసినారేటి?"

"అవును. ఆ తరవాతే వేశారు."

గున్నమ్మ పుస్తకంలోని రైలింజను బొమ్మ వైపు చూసింది. దూరంగా చరోదా వైపు యార్డులో ఏదో గూడ్సు కూత వేసింది.

"అయితే ఎక్కీసుంటారు" అంది.

మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. తువ్వాలు చుట్టకుదురులా తల మీద పెట్టుకుని, "నాకూ రైలుబండి టయిమయింది. కొంచెం సెయ్యెయ్యి తల్లీ" అంది.

సత్యలక్ష్మి పుస్తకం కల్వర్టు మీద పెట్టి, గోంగూర బుట్ట కింద రెండు చేతులూ వేసింది. సాయంత్రం బుట్ట కదా, తేలిగ్గా వస్తుందనుకుని ఒక్క ఊపున లేపబోయింది. లేవలేదు. ఆకు మీద పొద్దున చిలకరించిన నీళ్ళు ఆరడం తప్ప అందులోంచి ఒక్క కట్టా అమ్ముడుపోలేదు. పళ్ళు బిగించి, మోకాలు ఊతమిచ్చి, మళ్ళీ ఎత్తింది.